ఇల్లు మరమ్మతులో – మేము బీదరులో

మరమ్మతు మొదలైన ఇల్లు కొన్నాళ్లపాటు నివాసయోగ్యం కాదు. సిమెంటు ధూళి, పగిలిన నాపరాళ్లు, ఆగిపోయిన నీటి కుళాయి, పనివారి రాకపోకల నడుమ పరదా పాటించలేని స్త్రీలు, ఊపిరి ఆడని వృద్ధులు – ఈ ఇబ్బందులు అనుభవించిన కుటుంబాలకు చెప్పనక్కరలేదు. అందుకే ఆ రోజులను ప్రయాణానికి వినియోగించుకోవటం వివేకమని మేము భావించాము. దసరా సెలవుల వల్ల పిల్లలకు బడి లేదు. వర్షాలు వెనుకబట్టాయి.

కర్నూలు పాతబస్తీలోని మా మిద్దె ఇల్లు 2009 అక్టోబరు వరదలో మునిగిన ఇళ్లలో ఒకటి. నీరు తీసిన తరువాత మా అబ్బా ముందుగది గోడమీద వరద మట్టానికి ఒక గీత గీసి, ప్రక్కనే తేదీ వ్రాశారు. అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తరువాత ఆ గీతమీద సున్నం పడనీయకుండా అమ్మీ కాపాడుతూ వచ్చారు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేకపోతున్న అమ్మీకి క్రిందనే ఒక గది, స్నానాలగది ఏర్పాటు చేయటం ఈ మరమ్మతుకు ముఖ్యోద్దేశం. మిగిలిన సొమ్ముతో వీధి ముఖానికి రంగురాళ్లు వేయించాలని పిల్లల కోరిక. ఆ గీత ఉన్న గోడను ముట్టరాదన్న మాట తీసుకున్న మీదటనే అమ్మీ ప్రయాణానికి అంగీకరించారు.

మూడు దినాల ఆతిథ్యం

కర్నూలు నుండి రైలులో కాచిగూడకు, అక్కడినుండి బస్సులో జహీరాబాదుకు చేరుకున్నాము. అక్కడ మా ఫుప్పు ఉన్నారు. పనులు ముగిసేదాకా తమ ఇంటనే ఉండమని ఆమె పట్టుబట్టారు. అయితే ఆతిథ్యం మూడు దినాలని, ఆపైన పెట్టేది దానమని, ఆతిథేయిని ఇబ్బందిపెట్టేంతగా అతిథి ఉండిపోరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. ఆరుగురు మనుషులం, రెండు గదుల ఇల్లు. ఫుప్పు మనసు విశాలమైనదే, కాని ఆమె కోడలి చేతులు రెండే కదా! నాలుగవనాటి ఉదయం సెలవు తీసుకొని, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బీదరుకు బయలుదేరి, అక్కడ రెండు అద్దెగదులలో దిగాము.

ఏ ఒక్క ఊరిలోనూ పదిహేను దినాలు ఉండే సంకల్పం లేనందున, హనఫీ మస్లక్ ప్రకారం మేము బాటసారులమే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకున్నాము. మస్జిదులో స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు మాత్రం పూర్తిగా పాటించాము. ఇంటివద్ద పుస్తకంలో చదివిన ఈ నియమం ఆచరణలో ఎంతటి సౌలభ్యమో పిల్లలు ఈ ప్రయాణంలోనే గ్రహించారు.

ఎర్రరాతి పీఠభూమి

బీదరు ఎర్రని జేగురురాతి పీఠభూమిపై వెలసిన నగరం. 15వ శతాబ్దపు తొలి భాగంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా నుండి ఇక్కడికి మార్చారు. తరువాత బరీద్ షాహీలు, బీజాపూరు వారు, మొగలులు, నిజాములు దీనిని ఏలారు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని భాగమే. ఇప్పటికీ బజారులో కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి.

కోటలో అడుగుపెట్టేవారు ముందుగా చూసేది రాతిని తొలిచిన మూడు వరుసల కందకం. లోపల సోలా ఖంబా మస్జిదు బారులు తీరిన లావుపాటి స్తంభాలతో, ఏ ఆర్భాటమూ లేక గంభీరంగా నిలిచి ఉంది. రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్పను పొదిగిన పనితనం చూచి పిల్లలు కదలలేదు.

ఊరి నడుమ ఉన్నది మహమూద్ గవాన్ మదరసా. ఇరాన్‌లోని గీలాన్ నుండి వర్తకునిగా వచ్చి బహమనీ రాజ్యానికి వజీరైన ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో దీనిని నిర్మింపజేశారు. మూడంతస్తుల భవనం. విద్యార్థులకు గదులు, బోధకులకు నివాసాలు, మస్జిదు, గ్రంథాలయం అన్నీ ఒక్కచోటనే. ఇక్కడి గ్రంథాలయంలో 3000 గ్రంథాలు ఉండేవని చరిత్రకారుడు ఫెరిష్తా పేర్కొన్నారు. శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో ఈ వజీరుకు మరణశిక్ష విధించాడు. 1696లో జరిగిన మందుగుండు ప్రేలుడులో భవనపు ముఖభాగంలో పెద్ద వాటా కూలిపోయింది. రెండు మినార్లలో ఒకటే మిగిలింది. దానిమీద నీలి, పసుపు పింగాణీ పలకలు అక్కడక్కడా నేటికీ మెరుస్తున్నాయి.

అమ్మీ ఆ మినారు నీడలో చాలాసేపు కూర్చున్నారు. "రాళ్లు సగం పడిపోయినా, కట్టినాయన పేరు చెప్పుకుంటున్నారే" అన్నారు.

నేల అడుగున నీటిదారి

బీదరులో మమ్మల్ని అన్నింటికన్న ఎక్కువగా ఆలోచింపజేసినది పైకి కనిపించని నిర్మాణం. నౌబాద్ ప్రాంతంలో బహమనీల కాలపు కారేజ్ ఉన్నది. ఇది ఇరాన్ దేశపు పద్ధతి. జేగురురాయి వాననీటిని పీల్చుకుంటుంది. దాని అడుగున ఉన్న గట్టి నల్లరాయి ఆ నీటిని దిగనీయదు. ఆ రెండింటి సందున చేరే నీటిని, స్వల్పమైన వాలుతో త్రవ్విన సొరంగం తనంతట తానే ఊరివైపు నడిపిస్తుంది. గాలికి, పూడిక తీతకు పైనుండి బావులవంటి రంధ్రాలు త్రవ్వారు. మోట లేదు, యంత్రం లేదు. తరాల తరబడి పూడికతో మూసుకుపోయిన ఈ దారిని ఇటీవలి సంవత్సరాలలో శుభ్రపరిచారు.

అక్కడ ఉండగానే కర్నూలు నుండి బేల్దారి మేస్త్రీ ఫోను చేశాడు. "అన్నా, నాపరాళ్లు లేపి చూసినాము. ముందుగది గోడ అడుగున అంతా ఉప్పు తినేసింది. పైన పూత పూస్తే రెండేండ్లు కూడా నిలవదు. దింపి కట్టాల్సిందే. నీళ్లు బయటికి పోనీకి తూము కూడా వేయాల. మీరు చెప్పకుంటే నేను ముట్టను."

అది గీత ఉన్న గోడ. పైగా ఆ ఖర్చుకు వీధి ముఖపు రంగురాళ్ల సొమ్మంతా పోతుంది. ఆమెకు ఇచ్చిన మాట గనుక నిర్ణయం అమ్మీకే వదిలాము. ఆ పూట ఆమె ఏమీ అనలేదు. మగ్‌రిబ్ నమాజు తరువాత పిలిచి ఇలా చెప్పారు: "మీ అబ్బా ఆ గీత గీసింది మనల్ని ఏడిపించేదానికి కాదు, నీళ్లు ఇంతవరకు వస్తాయి, చూసుకోండని చెప్పేదానికి. గోడ దింపమని చెప్పండి. తూము మాత్రం సరిగా వేయించండి." ముఖభాగం సంగతి పిల్లలు మళ్లీ ఎత్తలేదు.

వెళ్లేముందు బిద్రీ కార్ఖానా ఒకటి చూశాము. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, చెక్కిన గీతలలో వెండితీగను సుత్తితో కొట్టి పొదుగుతారు. చివరన కోటలోని మట్టిని నవాసారంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. మట్టి పనికివస్తుందో లేదో పనివారు నాలుకతో రుచి చూసి చెబుతారు. ఈ కళకు 2006లో భౌగోళిక గుర్తింపు లభించింది. రంగురాళ్లు లేని గుమ్మం ప్రక్కన పెట్టేందుకు పిల్లలు ఒక చిన్న పళ్లెం ఎన్నుకున్నారు.

ఇల్లు వదలి వెళ్లేవారికి

ఇటువంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు మా అనుభవంలోని నాలుగు మాటలు. ఖుర్ఆన్ ప్రతులను, దస్తావేజులను, నగలను ముందుగానే నమ్మకస్తుల వద్ద అమానతుగా ఉంచండి. ఏది కూల్చాలో, ఏది కూల్చరాదో మేస్త్రీకి స్పష్టంగా చెప్పి, పని దాచిపెట్టే ముందు – అనగా పునాది, గొట్టాలు పూడ్చే ముందు – ఫొటోలు తెప్పించుకోండి. ఇసుక, కంకర వీధికి అడ్డుపడి పొరుగువారి హక్కుకు భంగం కలుగకుండా ఒకరిని చూడమనండి. మీరు దూరాన ఉన్నారన్న కారణంగా కూలి ఆపకండి. శ్రామికుని చెమట ఆరకముందే వేతనం ఇవ్వమన్న ప్రవక్త ఆదేశానికి ప్రయాణం మినహాయింపు కాదు. మేము ప్రతి శుక్రవారం ఉదయమే సొమ్ము పంపాము.

పదమూడవనాడు తిరిగి వచ్చేసరికి గోడ లేచింది, తూము పడింది. వీధినుండి చూచేవారికి ఇల్లు పాతదే. లోపల అమ్మీ గది పొడిగా ఉన్నది. పూత ఆరిన తరువాత పెద్దబ్బాయి తూము అంచునుండి కొలిచి, అబ్బా చెప్పిన ఎత్తునే పెన్సిలుతో మళ్లీ గీత గీశాడు. తేదీ మాత్రం అమ్మీయే వ్రాశారు.