కూచిపూడిలో సత్యభామ, తెరుచుకోని రా ఫైల్

బందరు రోడ్డులో కంకిపాడు, ఉయ్యూరు దాటాక పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే కాసేపట్లోనే కూచిపూడి. చుట్టూ వరి చేలు, మధ్యలో చిన్న ఊరు. పెద్ద గేట్లు, టికెట్ కౌంటర్లు ఏమీ ఉండవు. రామలింగేశ్వరస్వామి గుడి, సిద్ధేంద్రయోగి పేరుతో నడిచే నాట్య కళాశాల, తరతరాలుగా వేషం కట్టిన భాగవతుల ఇళ్లు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అనిపించుకున్న ఊరు ఇది. ఇక్కడ ఆడవేషం మగవాళ్లు కట్టడం వింత కాదు, వంశ విద్య.

ఫొటోలు తీసేవాళ్లకి మాత్రం ఈ ఊరు పరీక్షే. పగలు వీధుల్లో తీసేవి ఫోన్‌కి చాలు. రాత్రి స్టేజీ మీద ఎర్ర ఎల్‌ఈడీ పడిందా, జేపీజీలో సత్యభామ మొహం టమాటా పండే! కళ్లూ లేవు, కోపమూ లేదు. జేపీజీలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. సెన్సర్ లెక్కపెట్టిన వెలుగంతా అందులో ఉంటుంది కాబట్టి, తర్వాత కూర్చుని మొహాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

పోయిన చలికాలం ఒక పెద్దాయన భామాకలాపం ఉందంటే వెళ్లాను. చేతిలో అద్దె కెమెరా, మార్కెట్లోకి వచ్చి నెల కూడా కాలేదు. మేకప్ దగ్గర ఆయన అద్దంలోంచే అన్నారు: "మోకాళ్లు ఊరుకోవట్లేదు నాయనా, మళ్లీ కడతానో లేదో. బాగా తియ్యి."

రా, జేపీజీ రెండూ తీశాను. రాత్రి వాళ్ల అరుగు మీదే లాప్‌టాప్ తెరిస్తే, జేపీజీల్లో మొహం ఎర్రగా మండిపోతోంది. రా ఫైల్ నొక్కితే 'ఈ ఫార్మాట్ తెలియదు' అంది సాఫ్ట్‌వేర్. పెద్దాయన కొడుకు కెమెరా తెర చూపించి, "బొమ్మ కనపడుతూనే ఉందిగా తమ్ముడూ, రావట్లేదంటావేంటి?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. తెర మీద కనపడేది రా కాదు, దాని లోపల కెమెరా దాచిన జేపీజీ నకలు. అసలు రా అంటే బొమ్మే కాదు, సెన్సర్ రాసుకున్న అంకెల చిట్టా. ఏ అంకె నలుపో, ఏ గడి ఎరుపో, ఎలా కుదించారో మోడల్‌ని బట్టి మారుతుంది. ఆ వివరాలు సాఫ్ట్‌వేర్‌కి ఎవరో ఒకరు నేర్పాలి. డేవ్ కాఫిన్ అనే ఆయన 1997 నుంచి ఏళ్ల తరబడి, ఒక్కో కెమెరా చిట్టా విప్పి చదివే డీసీరా ప్రోగ్రామ్ రాస్తూ వచ్చాడు. 2018లో కెనాన్ ఈఓఎస్ ఎం50తో సీఆర్3 అనే కొత్త ఫార్మాట్ తెచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లో అది తెరుచుకోడానికి 2021 డిసెంబర్ దాకా పట్టింది. ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే లైట్‌రూమ్ 6కి 2017తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన కెమెరాల రా దానికి నేరుగా అర్థం కాదు.

మరి దారేంటి? కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్. కెనాన్‌కి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కి ఎన్‌ఎక్స్ స్టూడియో, రెండూ ఉచితమే. కొత్త మోడల్ భాష ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకేగా! రెండోది అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్. ఇదీ ఉచితమే. పాత సాఫ్ట్‌వేర్ కూడా చదవగలిగేలా ఫైల్‌ని మార్చి ఇస్తుంది, కాకపోతే మీ కెమెరాని గుర్తించే తాజా వెర్షన్ కావాలి. మార్చాక అసలు ఫైళ్లు మాత్రం చెరిపేయకండి. ఫైల్‌లో మోడల్ పేరు మార్చి పాత కెమెరా అని నమ్మించే చిట్కా ఒకటుంది. తెరుచుకున్నా రంగులకి గ్యారంటీ లేదు. పసుపు ముఖాలకి, బంగారు నగలకి నేనైతే వాడను. విచిత్రం ఏంటంటే, ఫోన్లకి ఈ గొడవ తక్కువ. 2014లో ఆండ్రాయిడ్ 5.0 నుంచే రా ఫొటోని డీఎన్‌జీగా దాచే వీలుంది.

ఆ రాత్రి సిగ్నల్ ఒక్క గీతే. మర్నాడు బెజవాడలో ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లి కంపెనీ సాఫ్ట్‌వేర్ దింపుకున్నాను. ఎరుపు కొంచెం కొంచెం తగ్గిస్తుంటే మొదట కనుబొమ్మ తేలింది, తర్వాత కాటుక, ఆ పైన బుగ్గ మీద చెమట చుక్క. వయసూ కనపడుతోంది, అలకా కనపడుతోంది. పెద్ద ప్రింట్ వేయించి పార్సిల్ చేశాను.

అందాక పెద్దాయన ఫోన్ చేశారు. మొహం గురించి ఒక్క మాట అడగలేదు.

"జడ పూర్తిగా పడలేదేం నాయనా?" అన్నారు.

జడ పడిన ఫ్రేములు ఇంకో పదకొండు ఉన్నాయి. ఇవాళ వాటి మీదే కూర్చున్నాను.