గోడ మీద బొమ్మ ఎవరి కోసం?

పాత తెలుగు సినిమా ఏదైనా ఒకటి గుర్తు చేసుకోండి. జమీందారుగారి హాలు. మెట్ల పక్క గోడకి తాతగారి నిలువెత్తు తైలవర్ణ చిత్రం, దాని పక్కన పులి తల, ఆ పక్కన రెండు కత్తులు. జమీందారుగారు ఇంకా నోరు విప్పనేలేదు, ఆయన పంతం ఎంతటిదో మనకి తెలిసిపోయింది! అదే పేద హీరో ఇల్లయితే? సున్నం రాలిన గోడ, ఓ దేవుడి క్యాలెండరు, దండ వేసిన నాన్నగారి ఫొటో. అంతే. సంభాషణల రచయితకి రెండు పేజీల పని తప్పింది.

ఇదంతా కళాదర్శకుల చలవ. వాళ్లలో చాలామంది కుంచె పట్టినవాళ్లే. 1957లో వచ్చిన 'మాయాబజార్'కి కళాదర్శకులు ఇద్దరు. వారిలో మా. గోఖలే చిత్రకారుడు, కథకుడు కూడాను. ఇక తోట తరణి సెట్లు వేస్తూనే చిత్రకారుడిగానూ పేరు తెచ్చుకున్నారు. గోడ విలువ వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అయితే సెట్లో గోడకీ మనింటి గోడకీ ఓ తేడా ఉందండోయ్! సెట్లో బొమ్మ పెట్టేది ప్రేక్షకుడి కోసం. ఆ హాల్లో జమీందారు ఒక్క రాత్రయినా పడుకోడు. షూటింగు అయిపోగానే పులి తల అద్దె సామాన్ల దుకాణానికి వెళ్లిపోతుంది. మనింట్లో అలా కాదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ, నిద్రపట్టని రాత్రి లేచి కూర్చుని... ఆ బొమ్మని చూడాల్సింది మనమే.

ఈ సంగతి మరచిపోయి ఇంటిని సెట్టులా తయారుచేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఓ మిత్రుడి కొత్త ఫ్లాటుకి వెళ్లాను. నీలం సోఫా, దాని పైన ఆరడుగుల నీలం బొమ్మ. "ఏమిటోయ్ ఈ బొమ్మ?" అన్నాను. "ఏమో గురూ, సోఫాకి మ్యాచింగని ఇంటీరియర్ వాళ్లు తగిలించారు" అన్నాడు. రేపు సోఫా మారిస్తే బొమ్మ కూడా మార్చాలి కాబోలు!

సరే, మా ఇంటి సంగతికొద్దాం. రెండేళ్ల కిందట మా నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. హైదరాబాదులో రెండు గదుల అద్దె వాటా నాది. గోడకి మేకు కొట్టకూడదని ఇంటివారి షరతు. అమ్మ పెట్టెలో రెండు పటాలున్నాయి. ఒకటి నాన్న ఫొటో. రెండోది నాన్న ఎప్పుడో ఓ దీపావళి ప్రత్యేక సంచికలోంచి కోసి ఫ్రేము కట్టించుకున్న బాపు బొమ్మ.

ఊరినుంచి పెదనాన్న వచ్చారు. రాగానే గోడలన్నీ చూసి, "తమ్ముడి ఫొటో గుమ్మం పైన పెట్టాలి. దండెయ్యాలి. చిన్న దీపం బల్బు కూడా పెట్టించరా" అన్నారు.

అమ్మ వంటింట్లోంచే అంది: "అంత ఎత్తున పెడితే నాకు మెడనొప్పి తప్ప మనిషి కనపడరు బావగారూ. పైగా దండ వేశాక మొహం ఎవరు చూస్తారు? పువ్వులు వాడాయా లేదా అనే చూస్తారు."

"చుట్టాలొచ్చి చూస్తే ఏమనుకుంటారమ్మా?"

"చుట్టాలు ఏడాదికోసారి వస్తారు. నేను రోజూ ఉంటాను."

పెదనాన్న ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయారు. మూడు నెలలు ఫోను లేదు. గోడ మీద బొమ్మ చిన్న విషయమేం కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటివారిని బతిమాలితే మేకుకి ఒప్పుకున్నారు. ఒక్కటంటే ఒక్కటే! ఒక్కటే మేకు కాబట్టి తొందరపడలేదు. పాత పేపరుని ఫ్రేము కొలతకి కత్తిరించి, టేపుతో గోడకి అంటించి, రెండ్రోజులు అలాగే ఉంచి చూశాం. మ్యూజియముల్లో బొమ్మ నడిమధ్య భాగం నేలనుంచి దాదాపు 57 నుంచి 60 అంగుళాల ఎత్తున ఉండేట్టు పెడుతుంటారు. అది నిలబడి చూసేవాళ్ల లెక్క. మా అమ్మ చూసేది కుర్చీలో కూర్చుని. అందుకని కాగితాన్ని దించుకుంటూ వచ్చి నాలుగడుగుల దగ్గర ఆగాం. అక్కడే నాన్న ఫొటో. బాపు బొమ్మని పుస్తకాల బీరువా మీద గోడకి చేరవేశాం. దానికి మేకుతో పనే లేదు.

గోడకి ఖరీదైన చిత్రమే కావాలని ఎవరన్నారు? రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాకే కదా, రాజుల మేడల్లో ఉండే లక్ష్మీ సరస్వతులు మామూలు ఇళ్లలోకి నడిచొచ్చింది! మన చేర్యాల బొమ్మల సంగతి చూడండి. గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రటి నేపథ్యం మీద వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ చుట్టని విప్పుకుంటూ ఊరూరా కథలు చెప్పేవారు. ఓ రకంగా మన సినిమాకి తాతగారన్నమాట! ఇప్పుడు ఇంటి గోడకి సరిపోయే చిన్న బొమ్మలూ వేస్తున్నారు. నచ్చితే అదే తెచ్చుకోండి. పాప వేసిన కాకి బొమ్మయినా సరే.

జాగ్రత్తలు మాత్రం మరవకండి. ఎండ నేరుగా పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి. వానాకాలం చెమ్మెక్కే గోడా వద్దు. ఫొటో అద్దానికి ఆనితే తేమకి అతుక్కుపోతుంది, కాబట్టి మధ్యలో మౌంటు పెట్టమని ఫ్రేములవాడికి చెప్పండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

నాన్న సంవత్సరీకానికి పెదనాన్న వచ్చారు. భోజనాలయ్యాక అమ్మ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నారు. ఎదురుగా తమ్ముడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వీడి ఎడంకంటి కింద ఈ గాటు నేను విసిరిన గోటీబిళ్ల తగిలిందేరా. మర్చేపోయాను" అన్నారు. దండ మాట మళ్లీ ఎత్తలేదు.

మీరూ మేకు కొట్టేముందు ఒక్కసారి ఆగండి. ఆ గదిలో రోజూ ఎక్కువసేపు ఉండేదెవరో వాళ్లని కూర్చోబెట్టి, "ఎక్కడ పెట్టమంటావు?" అని అడగండి. ఇంటీరియర్ వాళ్లని తర్వాత అడగొచ్చు!