పలకల మిద్దె మీద స్నానాల గదా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంటిని బాగు చేయించి చూడు అని కూడా అని ఉంటే బాగుండేది! కొత్త ఇంట్లో బాత్‌రూం అంటే కింద గట్టి సిమెంటు స్లాబు ఉంటుంది, మనం టైల్స్ రంగు చూసుకుంటే చాలు. కానీ మా మదనపల్లెలాంటి ఊళ్ళలో కొన్ని పాత ఇళ్ళకు మేడగది నేల అంటే దూలాల మీద పరిచిన చెక్క పలకలే. వాటి మీద టైల్స్ వేయాలంటే లెక్క వేరు.

మాకు ఆ అవసరం మా అత్తగారి వల్ల వచ్చింది. కింది భాగం దుకాణాలకు అద్దెకిచ్చాం, ఆవిడ మేడ మీదే ఉంటారు. వయసు 78. మా ఊరి చలి సంగతి మీకు తెలియనిది కాదు. డిసెంబరు రాత్రుల్లో పద్నాలుగు మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాలి. "పడ్డానంటే మీకే తిప్పలు కదమ్మా" అంటూ సాయంత్రం నుంచీ నీళ్ళు తాగడమే మానేశారు. ఆ సంగతి తెలిశాక ఇక ఆగలేదు. ఆవిడ గది పక్కనే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో బాత్‌రూం కావాల్సిందేనని మావారితో తేల్చి చెప్పేశాను.

మేస్త్రి వచ్చి చూశాడు. "దీనికేముందక్కా, పలకలపైన రెండంగుళాల మాలు పోసి టైల్సు పరిచేస్తే సరిపోతాది" అన్నాడు. సరిగ్గా అలా చేయించే పుంగనూరులో మా వదిన వాళ్ళు అవస్థ పడ్డారు. ఏడాది తిరక్కుండానే టైల్స్ మధ్య సందులు విచ్చుకున్నాయి. కింది గదిలో చుక్క చుక్కగా నీళ్ళు కారాయి. విప్పి చూస్తే పలకలు వేలితో నొక్కితే రాలిపోతున్నాయట!

ఎందుకలా అయిందంటారా? వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం, ఎండలకు వదులవడం మనం చూస్తూనే ఉంటాం. పలకలూ అంతే. టైల్ మాత్రం వాటితోపాటు కదలదు. అడుగు వేస్తే చెక్క కొంచెం వంగుతుంది, టైల్ వంగలేక పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్ళు దిగుతాయి. ఇక బరువు చూడండి. రెండంగుళాల మాలు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు. మా చిన్న గదికే 220 కిలోలు!

మా మరిదికి తెలిసిన ఇంజనీరు ఒక లెక్క చెప్పారు. దూలం పొడవును 360తో భాగించగా వచ్చినదానికన్నా ఎక్కువ వంగకూడదట. పదడుగుల దూలమైతే సుమారు 8 మిల్లీమీటర్లు. టైల్స్ బదులు రాయి పరిస్తే అందులో సగమే. ఇంతలో కుప్పం నుంచి మా తమ్ముడు, "మా దగ్గర గ్రానైట్‌కేం కరువక్కా, పంపిస్తా" అని ఫోను. ఆ రాయి చదరపు మీటరుకు దాదాపు 50 కిలోలు తూగుతుంది, మామూలు టైల్స్ అందులో సగం కూడా ఉండవు. "అది వంటింటి గట్టుకు పంపు నాయనా" అన్నాను.

మేం చేయించిన పద్ధతి ఇదీ. మొదట వడ్రంగి కింది నుంచి దూలాలన్నీ చూశాడు. గోడలో దూరిన చివరల దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. చెదలూ, పుచ్చూ ముందు పట్టేది అక్కడే. మెత్తబడిన ఒక దూలానికి పక్కనే కొత్తది జత చేశాడు. దూలాల మధ్య అడ్డచెక్కలు బిగించాడు. కిర్రుమనే పలకలకు మేకులు తీసి స్క్రూలు వేశాడు.

తర్వాత నీళ్ళు తూము వైపు పారేలా, ప్రతి దూలం మీదుగా ఏటవాలు చెక్కలు పెట్టాడు. ఆరడుగులకు ముప్పాతిక అంగుళం వాలు. వాటి మీద ఐ.ఎస్. 710 గుర్తున్న 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. షీట్ల మధ్యా, గోడ పక్కా 3 మిల్లీమీటర్ల సందు వదలాలి, చెక్క ఉబ్బడానికి. దాని మీద టైల్స్ గమ్ము పూసి సిమెంటు బోర్డు పరిచి, స్క్రూలు బిగించి, అతుకులకు టేపు వేశారు.

అసలు కాపలా వాటర్‌ప్రూఫింగ్ పూతది. రెండు పూతలు వేయించండి. నేలతో ఆపకుండా గోడల మీదికి, స్నానం చేసేచోట భుజాల ఎత్తు వరకూ ఎక్కించాలి. తూము చుట్టూ మీరే దగ్గరుండి చూసుకోండి. అది ఆరాక తూముకు గుడ్డ బిగించి, అంగుళం ఎత్తు నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచండి. కింద తడి కనబడకపోతేనే టైల్స్ మాట. జారని చిన్న టైల్స్ మేలు. గోడా నేలా కలిసేచోట సిమెంటు కాకుండా సిలికాన్ పెట్టించండి, అది సాగుతుంది.

"ఇన్ని తిప్పలెందుకక్కా" అని మేస్త్రి గొణిగాడు గానీ, చివరికి చేశాడు. ఇప్పుడు మా అత్తగారు పడుకునే ముందు మంచినీళ్ళ చెంబు తలగడ పక్కనే పెట్టుకుంటున్నారు. నాకు అది చాలు.

మీ ఇంట్లోనూ పలకల మిద్దె ఉంటే, టైల్స్ దుకాణానికి వెళ్ళే ముందు ఒక్కసారి కింది గదిలోకి వెళ్ళి తల పైకెత్తి చూడండి. ఖర్చు లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టండి.