వసంతయాత్రకుఁ జిన్నపెట్టె

చెరీపూవులఁ జూడ జపానునకుఁ బోవువారు మొదట నాలోచింపవలసినది పెట్టె బరువు. క్యోటో నగరమున ఏప్రిల్ తొలిదినములందుఁ బగలు సుమారు 17 డిగ్రీల వేఁడిమి, తెల్లవారుజామున 7 డిగ్రీల చలి యుండును. ఇట్టి ఋతువున దళసరి కోటుకంటెఁ బలుచని వస్త్రములను పొరలుగాఁ దొడిగి, యెండకొలఁది విడుచుటయే మేలు.

పలుచని చీరలు మూఁడు, అన్నిఁటికిఁ బొసఁగు రవికలు రెండు, సన్నని ఉన్ని స్వెట్టరు, వానకును గాలికిని బనికివచ్చు తేలిక రెయిన్‌కోటు, శాలువ చాలును. శాలువ రైలులో దుప్పటి, సాయంకాలమునఁ బైకప్పు. ఆలయములలోఁ బాదరక్షలు విడిచి చల్లని కొయ్యనేలపై నడువవలసియుండును గాన ఉన్ని మేజోళ్లు మఱువరాదు. పెక్కు బసలలో నాణెములు వేసి నడుపు బట్టలుదుకు యంత్రములు గలవు. కావున మూఁడు చీరలే పక్షమునకైనఁ జాలును.

టోకియోనుండి క్యోటోకుఁ బోవు షింకన్సెన్ రైలులో, పొడవు వెడల్పు ఎత్తులు కలిపి 160 సెంటీమీటర్లు మించిన పెట్టెకు 2020 మే నెలనుండి ముందుగాఁ జోటు కుదుర్చుకొనవలెను. నడిమి స్టేషనులందు రైలు నిలుచునది స్వల్పకాలమే.

ఇంటిల్లిపాది బరువును మోయు స్త్రీ తన పెట్టెను తానెత్తఁగలుగుట చిన్నమాట గాదు. దానిని పరులు మోయవలసివచ్చినచో, వారు పోవుచోటికే మనమును బోవలెను. కావునఁ బ్రయాణమునకు ముందే పెట్టె సర్ది, మేడమెట్లెక్కి చూడుఁడు. ఆయాసమైనచో నింకొక చీర తీసివేయుఁడు.