నువ్వుల కంకణం

ఒక జాతి నాగరికతను రాజప్రాసాదాలలోను, గ్రంథాలయాలలోను వెదకటం పరిపాటి. వీధి మలుపున అమ్మే రొట్టెలో వెదకేవారు అరుదు. తుర్కీ దేశపు 'సిమిత్' అటువంటి రొట్టె. కంకణంలా గుండ్రంగా ఉండి, ఒళ్ళంతా నువ్వులు పొదిగిన ఆ రొట్టెను గూర్చి మా ఉర్దూ, తెలుగు మిత్రులకు నాలుగు మాటలు తెలుపవలెనని మా సంకల్పం.

ఈ పేరుకు మూలం అరబ్బీలోని 'సమీద్'. మేలైన తెల్లని పిండి అని దాని అర్థం. 1593 నాటి ఉస్కుదార్ న్యాయస్థానపు దస్తావేజులలో సిమిత్ తూకమూ, ధరా నిర్ణయింపబడి ఉన్నాయి. పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ ఇస్తాంబుల్ నగరంలో 70 సిమిత్ బట్టీలు ఉన్నట్లు వ్రాశాడు. నేటికీ అక్కడి వీధులలో తలపై పళ్ళెం మోస్తూనో, బండి నెట్టుకుంటూనో సిమిత్ అమ్మేవారు కనబడతారు.

దీనిని చేసే విధం సులభంగానే తోస్తుంది గాని చేతివాటం కావాలి. గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్టు కలిపి, గట్టిగా మర్దించి పొంగనిస్తారు. ఒక్కొక్క ముద్దను రెండు పొడవాటి తాళ్ళుగా సాగదీసి, వాటిని పెనవేసి, కొసలు కలిపి వలయం చేస్తారు. ద్రాక్షరసాన్ని కాచి చిక్కబరచిన పాకాన్ని 'పెక్మెజ్' అంటారు. దానిని నీటితో పలుచన చేసి, వలయాన్ని అందులో ముంచి, నువ్వులలో పొర్లించి, బాగా కాగిన బట్టీలో కాలుస్తారు. పాకం వలన నువ్వులు అంటుకొని ఉంటాయి; పైపొరకు ఎర్రని రంగు, కరకర వస్తాయి. లోపల మాత్రం మెత్తన. అంకారా సిమిత్ రంగు మరింత ముదురు. ఇజ్మీర్ వాసులు దీనినే 'గెవ్రెక్', అనగా కరకరలాడేది అంటారు.

గత సెలవులలో మేము నలుగురు హాస్టలు మిత్రులం ఈ ప్రయత్నం చేశాం. ద్రాక్షపాకానికి బదులు బెల్లపు పాకం వాడాం. పరిచయస్థుడైన ఒక బేకరీ ఉస్తాద్ తన బట్టీలో కాల్చి ఇచ్చి, ఇది మీ నువ్వుండకూ మా నాన్‌కూ పుట్టిన బిడ్డ అని నవ్వాడు. హాస్యమైనా అందులో సత్యమున్నది. నువ్వుల సాగు మొదలైనది మన ఉపఖండంలోనే.

తుర్కీలో జీతం చాలునా చాలదా అని తేల్చడానికి 'టీ, సిమిత్ లెక్క' వేస్తారు. ఒక కుటుంబం పూటకు మనిషికొక టీ, ఒక సిమిత్‌తో గడిపినా నెలకెంత అగునో కట్టి, ఆ మొత్తాన్ని జీతంతో పోలుస్తారు. ఆర్థికశాస్త్రపు పెద్ద పుస్తకాలకంటె ఈ లెక్క మాకు త్వరగా బోధపడినది. ఏలననగా, పల్లెల నుండి బస్సు ఛార్జీ మాత్రమే చేతబట్టుకొని వచ్చి, మధ్యాహ్నం ఒక్క టీతో సరిపెట్టుకొని, చివరి పీరియడులో తల వాల్చే మిత్రులను మేమెరుగుదుము. వారు ఆ సంగతి ఎవరితోనూ చెప్పరు. ఆకలికంటె అభిమానం పెద్దది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. నాలుగు శతాబ్దాల క్రిందటి ఒక న్యాయస్థానం సామాన్యుని రొట్టెకు తూకమూ, ధరా నిర్ణయించటం చిన్నపనిగా భావించలేదు. మన క్యాంటీనులోనూ అందరికీ అందే ధరకు, కడుపు నిండే తూకానికి ఒక్క పలహారమైనా ఏర్పాటు చేసి, ఆ రెంటినీ గోడపై రెండు భాషలలోను వ్రాయించండి. అది సిమిత్ కానక్కరలేదు. జొన్నరొట్టె అయినా చాలు.