భరిణె తెగకముందే

ఏటికొప్పాకలో కుంకుమ భరిణె లేత్ మిషన్ దిగేసరికే రంగు, మెరుపు రెండూ తెచ్చుకుని ఉంటుంది. ముందు వస్తువు చేసి ఆనక తీరిగ్గా రంగు వేసుకుందామంటే ఇక్కడ కుదరదు. లక్క ఎప్పుడు పట్టించాలి, ఎక్కడ పట్టించకూడదు అన్నదే ఈ పనిలో అసలు కిటుకు. అది చూడటానికే వెళ్లాను.

ఊరు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. యలమంచిలి నుంచి ఆటోలో పోవచ్చు. నేను కూర్చున్న కార్ఖానా ఇంటిని ఆనుకున్న రేకుల పంచ. మోటారు బిగించిన లేత్, గోడకు వరసగా ఉలులు, కాళ్లు కూరుకుపోయేంత పొట్టు. పెద్దాయన పనిచేస్తూనే మాట్లాడాడు.

కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉండి ఉలికి లొంగుతుంది. కొట్టిన కర్రను బాగా ఆరనిచ్చిగానీ లేత్ మీదికి ఎక్కించరు. పచ్చి కర్ర మీద లక్క పట్టదా అని అడిగాను.

“పట్టకేం బాబూ, పడతాది. ఆనక కర్ర ఎండితే? గుండ్రం పోతాది. మూత ఒకవైపు బిగుసుకుంటాది, ఇంకోవైపు వదులైపోతాది.”

కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. అందుకే గుండ్రంగా తీసినది కోలగా మారుతుంది. పైన ఎంత మెరుపు పెట్టినా ఆ వంకర ఆగదు. అంటే లక్క పెట్టే వేళ లేత్ దగ్గర కాదు, కర్ర ఆరబెట్టిన రోజునే మొదలవుతుందన్నమాట.

ఆయన ముందు మూత లోపలిభాగం తొలిచి, దాన్ని కోసి పక్కన పెట్టాడు. తర్వాత మిగిలిన కర్రకు మూత కూర్చునే అంచు దించాడు. దించుతూ మూతతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. లోపల తొలిచాక మూతను అంచు మీద బిగించి, రెంటినీ కలిపి తిప్పుతూ పైభాగం నున్నగా తీశాడు. లక్క కడ్డీ చేతికందుకున్నది అప్పుడే. మూతకు విడిగా, గిన్నెకు విడిగా పట్టిస్తే కలిసేచోట గీతలు తప్పుతాయి, రంగు మందం తేడా వస్తుంది.

కడ్డీ తయారీ ఇంకో పని. లక్కను సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, జీళ్లపాకం లాగినట్టు లాగి మడిచి మళ్లీ లాగుతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీస్తారు. ఇక్కడ ఈ ప్రకృతి రంగుల పద్ధతిని నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది 2017లో.

తిరుగుతున్న కర్రకు కడ్డీ ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంది. ఆ వెంటనే మొగలాకు అదిమాడు. గరుగ్గా ఉన్న పూత సర్దుకుని నిగనిగలాడింది. పొయ్యి లేదు, కుంచె లేదు, వార్నిష్ లేదు. వేడి పుట్టించేది ఆ తిరుగుడే కాబట్టి భరిణె కోసి కింద పెట్టాక చేసేదేమీ ఉండదు. ఎక్కువ అదిమినా ప్రమాదమే. లక్క మాడుతుంది, పసుపు రంగు మీద ఆ మాడు అస్సలు దాగదు.

చివరగా మూత, గిన్నె కలిసే గీత మీద ఉలి మొన తాకించాడు. లేకపోతే రెంటినీ లక్కే అతికించేస్తుంది. మూత తీసి చూస్తే లోపలి అంచు తెల్ల కర్రే! అక్కడ కావాలనే వదిలేశాడు. వెంట్రుకవాసి పూత చాలు, మూత బిగుసుకుపోవడానికి.

పలకలు అతికి చేసే చదరపు పెట్టెల దగ్గరా వరస ఇంచుమించు ఇదే. అతికాక లోపలి మూలల్లోకి గుడ్డ సరిగా పోదు, జిగురు కారినచోట పాలిష్ ఇంకదు. అందుకని తెలిసిన వడ్రంగి లోపలి వైపులకు ముందే పాలిష్ పెట్టుకుంటాడు. అతుకు పడేచోట మాత్రం వదిలేస్తాడు, పాలిష్ మీద జిగురు నిలవదు గనక. పైభాగం మాత్రం అతికి, చిత్రిక పట్టాకే. క్లాంపుల నొక్కులు, అతుకుల ఎగుడుదిగుళ్లు అప్పటిదాకా తేలవు మరి. చిన్న పెట్టెల్లో లోపల నూనె పాలిష్ కంటే లక్క పాలిషే నయం. మూసిన పెట్టెలో నూనె వాసన నెలల తరబడి పోదు.

పెద్దాయన భరిణె కోసి నా చేతిలో పెట్టాడు. అడుగున కోత పడినచోట కర్ర రంగు కనిపిస్తోంది. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది వదిలేశాడు.

మీరు భరిణె కొనేటప్పుడు పైమెరుపు చూసి సరిపెట్టుకోకండి. మూత కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు వైపులా పెట్టి చూడండి. ఎటు పెట్టినా ఒకేలా కూర్చుంటే ఎండిన కర్ర. అంచు మీద రంగు అంటి ఉంటే ఆ షాపులో ఇంకోటి అడగండి.