దొంగకథ చదివి సంతోషించితిమి

గృహిణులమైన మనకు దొంగ యన్న భయమే గాని ప్రీతి యుండదు. తాళము వేసితిమో లేదో యని వీధి మలుపునుండి వెనుకకు వచ్చి లాగి చూచువారము. అట్టి మేము ఈ వేసవిలో ఒక దొంగకథను ఆసక్తితో చదివి, పదిమందికి వినిపించితి మని చెప్పుటకు కొంచెము సిగ్గుగనే యున్నది.

దీనికి దారి తీసినది మా యమ్మాయి. లీ బార్డుగో అను నామె 2015లో ఆంగ్లమున వెలువరించిన ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ నవలను చదువుచు, అన్నము చల్లారుచున్నను లేవకుండెను. ఆరుగురు పడుచువాండ్రు, ఎవ్వరును చొరరాని మంచుకోటలో బడి, ఒక బందీని తప్పించి తెచ్చుటకు పన్నాగము పన్నుదురట. అందు కొందఱకు మానవాతీత శక్తులును గలవు. “ఇట్లాంటి కథ మనకుందా అమ్మా?” అని యడుగగా మాకు పౌరుషము వచ్చినది. పెట్టెలోని దశకుమారచరిత్రమును పైకి తీసితిమి.

దండి సంస్కృతమున గద్యముగా చెప్పిన యీ కథలను 13వ శతాబ్దమున మూలఘటిక కేతన తెనుగు చేసి తిక్కనకు అంకితమిచ్చెను. చిన్ననాడు మాకు దండిని పాఠము చెప్పిన తండ్రిగారు అపహారవర్మ కథ వచ్చుసరికి కొన్ని పుటలు దాటవేసిరి. వేశ్య కథ యగుటచే గాబోలు! ఇప్పుడు ఎవరి యనుమతియు నక్కరలేక పూర్తిగా చదివితిమి.

చంపానగరమునకు వచ్చిన యీ రాకుమారుడు, కామమంజరి యను వేశ్యచేత సర్వస్వము గోల్పోయి కౌపీనముతో మిగిలిన విరూపకుని చూచి, నీ సొమ్ము నీకు చేర్చెదనని మాట యిచ్చును. లోభులకు ధనము నిలుకడ లేనిదని నేర్పుటకై రాత్రులయందు బయలుదేరును. వాని పనిముట్లను దండి వరుసగా చెప్పుచుండ మాకు పోపులపెట్టె జ్ఞప్తికి వచ్చినది. పాముపడగ వంటి గునపము, కొలతత్రాడు, పటకారు, తాను దూరుటకు ముందు కన్నములో పెట్టి చూచు బొమ్మతల, మాయచూర్ణము, దీపము లార్పుటకు తుమ్మెదల పెట్టె! కావలివాండ్రు ఎదురైనచో పాము కఱచినట్లు నేల పడి, విషవైద్యము తెలిసినవానిని సైతము నమ్మించినాడు.

కామమంజరిని లొంగదీసిన విధము మఱియు వింత. తోలుసంచి యొకటి లక్షలిచ్చు మహిమ గలదనియు, అయితే అన్యాయముగా తీసికొన్నది తిరిగి యిచ్చి, ఉన్నది దానము చేసినవారికే ఫలించుననియు ప్రచారమాయెను. ఆశకొలది ఆమెయే విరూపకుని పిలిచి వాని ధనము వానికిచ్చినది. సంచిలో నేమియు లేదు.

మా కాసిపేటలో మొదటి షిఫ్టువారు బొగ్గుబాయినుండి వచ్చులోపల ఇరుగుపొరుగు స్త్రీలకు ఒక గంట తీరిక. మా యరుగుమీద వారికి ఈ కథను మాటలలో చెప్పితిమి. చెరసాలనుండి రాజకుమార్తె యంతఃపురమునకు సొరంగము త్రవ్వు ఘట్టమున, గనికార్మికుని భార్య యొకతె, “గా మన్నంత ఏడ పోసిండు అక్కా? మీద కూలకుంట ఏం దన్ను పెట్టిండు?” అనెను. మాకు సమాధానము తోచలేదు. దండి యొక్కమారు ఈ బాయిలోనికి దిగి యుండవలసినది!

అయితే ఒక ఘట్టమును మేమును దాటవేసితిమి. మహిమసంచి దొంగిలబడిన దని మొఱపెట్టించి, ఆ నిందను అర్థపతి యను వర్తకునిమీద పడునట్లు చేయుదురు. రాజు వానిని దేశమునుండి వెడలగొట్టును. వాడు మంచివాడు కాడు. మరొకనికి మాటయిచ్చిన పిల్లను ధనబలముతో పెండ్లాడజూచినవాడు. చదువరులు నవ్వవలసిన చోటు. మాకు నవ్వు రాలేదు.

రెండేండ్ల క్రిందట మా యమ్మ యిచ్చిన వెండి కుంకుమభరిణె కనబడకపోయెను. గిన్నెలు తోమునామెను మేము దొంగ యనలేదు. “బీరువా తాళము ఎక్కడుండునో నీకు తెలుసు గద” యని మాత్ర మంటిమి. ఆమె చేతిలోని గిన్నె తోమి, కడిగి, బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకొని వెళ్ళెను. మరునాడు రాలేదు. మూడు నెలలకు, చలికాలమున బొంతలు దులుపుచుండగా భరిణె వాని మడతలో దొరికినది. ఆమె యింటికి పోయి చెప్పితిమి. “దొరికిందా అమ్మా, మంచిదాయె” అనెను గాని కూర్చుండుమనలేదు. తప్పు మాదని చెప్పబోవునంతలో పక్కింటివారు రాగా, చెప్పకయే తిరిగి వచ్చితిమి. ఆమె తోడికోడలు ఇప్పుడు మా యరుగుమీద కథ వినువారిలో నున్నది.

ఆ రాత్రి మా యమ్మాయి, “అర్థపతి సంగతి చెప్పలేదేం? అసలు మలుపు అదే కదా!” అనెను. మా వారు కాపీపుస్తకములు దిద్దుచు తలయెత్తి చూచిరి.

మరునాడు అందరును వచ్చిరి. అర్థపతి కథ చెప్పితిమి. వెంటనే భరిణె కథయు చెప్పితిమి. ఎవరును నవ్వలేదు. తోడికోడలు కొంతసే పూరకుండి, “గీ ముచ్చట ఆమెకే చెప్పాలె గద అమ్మా” అనెను.

ఆమెకు పని ముగియు వేళ యెప్పుడని అడిగితిమి.